అప్నా, పరాయా: బర్నెట్ అనే సైంటిస్టు తారీఖ్

అమ్మీ వేళ్లు రెండేళ్ల క్రితం వాయడం మొదలైంది. పొద్దున లేవగానే పిడికిలి బిగించలేకపోయేది. రొట్టెల పిండి కలిపే పని మెల్లగా మా చెల్లెలి చేతికి వెళ్లిపోయింది. కర్నూలులో డాక్టరు రక్తపరీక్షలు చేయించి, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అన్నాడు. "ఇది బయటి క్రిమి వల్ల వచ్చింది కాదమ్మా. మీ ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే మీ కీళ్ల మీద పడుతున్నాయి" అని వివరించాడు. ఆటోలో ఇంటికొస్తూ అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి సందు మలుపులో అడిగింది, "మేరే ఖూన్ కు మైంచ్ మాలూం నైక్యా?" నా రక్తానికి నేనే ఎవరో తెలీదా అని.

నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ సవాల్ నన్ను వదల్లేదు. ఉర్దూలో ఇమ్యూనిటీని ఖువ్వతె ముదాఫిఅత్ అంటారు. ముదాఫిఅత్ అంటే రక్షించుకోవడం, కాపలా. తెలుగులో రోగనిరోధక శక్తి. రెండు మాటల్లోనూ ఒక గోడ, ఒక కాపలాదారు కనిపిస్తారు. కానీ కాపలాదారుకు ముందు తెలియాల్సింది ఒకటుంది. ఎవరు అప్నా, ఎవరు పరాయా? ఒంట్లో కోట్ల కణాలుంటాయి. తిన్న తిండి ఉంటుంది, పీల్చిన దుమ్ము ఉంటుంది, వైరస్ ఉంటుంది. వీటిలో దేని మీద పడాలో, దేన్ని వదిలేయాలో ఎవరు నేర్పారు?

ఈ ప్రశ్నను సరిగ్గా ఇలాగే అడిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్, ఆస్ట్రేలియా వాడు. సగం జిందగీ వైరస్‌ల మీద, మిగతా సగం ఇమ్యూనిటీ మీద పనిచేశాడు. అమ్మీ కోసం చదవడం మొదలుపెట్టి, ఆయన గురించి దొరికిందల్లా చదివాను. మధ్యలో ఒక చోట పుస్తకం మూసేయాలనిపించింది. అది కూడా చెప్తాను, కానీ వరసలో.

బర్నెట్ 1899 సెప్టెంబరు 3న విక్టోరియా రాష్ట్రంలో ట్రరాల్గన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి స్కాట్లాండు నుంచి వలస వచ్చి, బ్యాంకు మేనేజరయ్యాడు. ఏడుగురు పిల్లల్లో ఇతను రెండోవాడు. అక్కకు మానసిక వైకల్యం. తల్లి టైమంతా ఆ అమ్మాయికే సరిపోయేది. ఆ కాలంలో అదొక దాచాల్సిన విషయం కాబట్టి, స్నేహితుల్ని ఇంటికి తీసుకురావద్దని పిల్లలకు చెప్పేవారు. అలా తన్హాయీ అలవాటైన పిల్లాడు పురుగుల వెంట పడ్డాడు. కొమ్మల మీద, రాళ్ల కింద పేడపురుగుల్నీ పెంకుపురుగుల్నీ ఏరి దాచుకునేవాడు. ఏ పురుగు ఏ జాతిదో గుర్తుపట్టడం అతని మొదటి చదువు. చార్లెస్ డార్విన్‌ను చదివింది కూడా ఆ పురుగుల మోజుతోనే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

స్కాలర్‌షిప్ మీద మంచి స్కూలు, తర్వాత మెల్‌బోర్న్ యూనివర్సిటీలో వైద్యం. 1924కల్లా ఎం.డి. కూడా అయిపోయింది. నరాల డాక్టరు కావాలని కోరిక. కానీ మనిషి మరీ షర్మీలా. రోగులతో మాట్లాడ్డం కంటే లేబరేటరీ పనే ఇతని స్వభావానికి తగ్గదని ఆస్పత్రి పెద్దలు అటు పంపారు. ఎవరి నసీబ్ ఎక్కడుంటుందో! మాట కలపలేనివాడని పక్కకు పెట్టిన మనిషి, నలభై ఏళ్లపాటు ఇన్‌ఫెక్షన్ గురించి ప్రపంచం మాట్లాడే తీరునే మార్చాడు.

మెల్‌బోర్న్‌లో వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్ అప్పటికి చిన్న సంస్థ. చార్లెస్ కెల్లవే దాని డైరెక్టరు. కుర్రాడిలో పస ఉందని కనిపెట్టి లండన్ పంపించాడు. అక్కడ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో బర్నెట్ బాక్టీరియోఫేజుల మీద పనిచేశాడు. అంటే బాక్టీరియాను తినే వైరస్‌లు. పీహెచ్‌డీ చేసుకుని తిరిగొచ్చాడు.

వచ్చీ రాగానే బండబర్గ్.

1928 జనవరి. క్వీన్స్‌లాండ్‌లో చెరకు పండించే ఊరు బండబర్గ్. కంఠసర్పి రాకుండా పిల్లలకు సూదులు వేస్తున్నారు. 27వ తారీఖున 21 మంది పిల్లలకు వేశారు. వాళ్లలో 18 మంది జబ్బుపడ్డారు, 12 మంది చనిపోయారు. అంతా ఒకటి రెండు రోజుల్లో. ఒకే ఇంట్లో ఒకరికంటే ఎక్కువమంది పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులున్నారు. టీకాలంటేనే జనం వణికిపోయారు. ఆ వణుకు మనకు కొత్త కాదు. ఎక్కడైనా ఒక పిల్లకు సూది తర్వాత జ్వరమొస్తే, మా మొహల్లాలో నెలరోజులు ఏ తల్లీ తలుపు తీయకపోవడం నేను చూశాను.

హుకూమత్ రాయల్ కమిషన్ వేసింది. కెల్లవే దానికి పెద్ద. లేబరేటరీ తహకీకాత్ బర్నెట్ చేతికొచ్చింది. సీసాలోని మందు చూశాడు, పిల్లల పుండ్లలోంచి తీసిన చీము చూశాడు. రెండు చోట్లా ఒకటే క్రిమి, స్టెఫిలోకాకస్. టీకాలో తప్పు లేదు. అంతకు ముందు రోజుల్లో సూదులకు వాడిన సీసానే మళ్లీ వాడారు. మందు పాడవకుండా కలపాల్సిన క్రిమిసంహారకం అందులో లేదు. క్వీన్స్‌లాండ్ ఎండల్లో ఆ సీసా లోపల క్రిమి పెరిగిపోయింది. కమిషన్ దాపరికం లేకుండా ఆ సంగతే రాసింది. ఇలా చాలామందికి వాడే సీసాల్లో క్రిమి పెరగకుండా మందు కలిపి తీరాలని చెప్పింది.

బర్నెట్‌కు ఇది ఒక కేసుగా ముగిసిపోలేదు. స్టెఫిలోకాకస్ విషం మీద, దానికి ఒళ్లు తయారుచేసే విరుగుడు మీద, అంటే యాంటీబాడీల మీద తజ్రిబాలు మొదలుపెట్టాడు. తజ్రిబా అంటే ఉర్దూలో ప్రయోగమూ అవుతుంది, అనుభవమూ అవుతుంది. బండబర్గ్ ఆయనకు రెండూ. మొదటిసారి ఇచ్చిన సూదికి ఒళ్లు నెమ్మదిగా జవాబిస్తుంది. రెండోసారి అదే ఇస్తే ఎన్నో రెట్లు వేగంగా, ఎక్కువగా జవాబిస్తుంది. ఒంటికి ఏదో గుర్తుంటోంది. ఎక్కడ గుర్తుంటోంది? ఈ ప్రశ్న మనసులో ఒక మూల కూర్చుంది. బయటికి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఒకసారి వచ్చిన జబ్బు మళ్లీ రాదన్న సంగతి కొత్తదేం కాదు. సుమారు పదకొండు వందల ఏళ్ల క్రితం హకీం అల్ రాజీ, జుదరీ వేరు హస్బా వేరు అని ఒక కితాబే రాశాడు. మన భాషలో చేచక్, ఖస్రా. అంటే మశూచి, తట్టు. మశూచి ఒకసారి వచ్చిపోతే మళ్లీ ఎందుకు రాదో తనకు తోచిన కారణం కూడా చెప్పాడు, రక్తంలో తేమ పొంగిపోతుందని. కారణం తప్పే. కానీ కారణం అడగాలని తోచింది చూడండి, అదీ ఇల్మ్.

1930ల నుంచి ఇరవై ఏళ్లకు పైగా బర్నెట్ వైరస్ మనిషి. ఇక్కడ చెప్పుకుంటూ పోతే రాత్రి అయిపోతుంది, కొన్నే చెప్తాను. 1931లో జీన్ మక్నమారా అనే డాక్టరమ్మతో కలిసి పోలియో మీద పనిచేశాడు. ఒక రకం పోలియో వచ్చి తేరుకున్న కోతులకు ఇంకో రకం ఎక్కిస్తే మళ్లీ జబ్బుపడ్డాయి. అంటే పోలియో వైరస్ ఒకటి కాదు, ఒకటికంటే ఎక్కువ రకాలున్నాయి. అప్పట్లో దీన్ని నమ్మినవాళ్లు తక్కువ. తర్వాత మూడు రకాలని తేలింది. మన పిల్లల నోట్లో వేసిన రెండు చుక్కల్లో 2016 దాకా మూడు రకాల వైరస్ ఉండేది ఇందుకే.

రెండోది కోడిగుడ్డు. 1932లో మళ్లీ లండన్ వెళ్లాడు. అప్పట్లో వైరస్‌ను పెంచాలంటే కోతో, ఇంకేదో జంతువో కావాలి. ఖర్చు, తిప్పలు. పొదిగే గుడ్డులో వైరస్‌ను పెంచవచ్చని అమెరికాలో గుడ్‌పాశ్చర్ అప్పటికే చూపించాడు. బర్నెట్ దాన్ని పట్టుకుని ఒక పద్ధతిగా తీర్చిదిద్దాడు. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోయడం, లోపలి ఏ పొరలో ఏ వైరస్ పెరుగుతుందో చూడటం, పొర మీద లేచిన మచ్చల్ని లెక్కపెట్టి వైరస్ ఎంతుందో చెప్పడం. ఫ్లూ వైరస్‌ను గుడ్డులో పెంచే దారి వేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఈ రోజుకీ ప్రపంచంలో ఫ్లూ టీకాల్లో ఎక్కువభాగం గుడ్లలోనే తయారవుతుంది. యుద్ధకాలంలో ఆయన సొంతంగా చేసిన ఫ్లూ టీకా మాత్రం అనుకున్నట్టు పనిచేయలేదు. అమెరికావాళ్ల చంపిన వైరస్ టీకా గెలిచింది.

క్యూ ఫీవర్ కథ కొంచెం సరదాగా ఉంటుంది. బ్రిస్బేన్ కబేళాల్లో పనివాళ్లకు అంతుపట్టని జ్వరాలు వస్తున్నాయి. అక్కడి డాక్టర్ ఎడ్వర్డ్ డెరిక్ నమూనాలు మెల్‌బోర్న్ పంపాడు. బర్నెట్, మేవిస్ ఫ్రీమన్ ఆ క్రిమిని పట్టుకున్నారు. దాని పేరిప్పుడు కాక్సియెల్లా బర్నెటీ. గొర్రెలు, మేకలు, పశువుల నుంచి గాలిలో వచ్చే మర్జ్ ఇది. మన కసాయి మొహల్లాల్లోని ఖురేషీ భాయ్‌లు ఈ పేరు వినివుండరు కానీ, అది అంటుకునే పని మాత్రం రోజూ వాళ్లే చేస్తారు.

ఇంకొకటి. హెచ్5ఎన్1 అని పత్రికల్లో చదువుతాం కదా, బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడల్లా. అందులో 'ఎన్' అంటే న్యూరమినిడేజ్ అనే ఎంజైము. ఫ్లూ వైరస్ ఎర్రకణాల మీది ఏదో పదార్థాన్ని కొరికేస్తుందని, కలరా క్రిమిలో కూడా అలా కొరికే ఎంజైము ఉందని 1940ల్లో బర్నెట్ బృందం చూసింది. తర్వాత ఆయన సంస్థలోనే ఆల్ఫ్రెడ్ గాట్‌షాక్ దాన్ని తేల్చాడు.

1944లో ఆయన హాల్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరయ్యాడు. అదే ఏడాది హార్వర్డ్ పిలిచింది. వెళ్లలేదు. ప్రపంచం చివర ఉన్న ఆస్ట్రేలియాలోనే గొప్ప సైన్స్ చేయవచ్చని ఆయన జిద్.

1951లో జరిగింది చెప్పకుండా ముందుకు పోలేను. ఆస్ట్రేలియాలో కుందేళ్లు పంటల్ని తినేస్తుంటే, వాటిని చంపడానికి మిక్సోమా అనే వైరస్‌ను అడవుల్లోకి వదిలారు. కుందేళ్లు కుప్పలుగా చచ్చాయి. సరిగ్గా అప్పుడే మిల్డూరా వైపు మనుషులకు మెదడువాపు వచ్చింది. కుందేళ్లకు వదిలిన వైరసే మనల్ని చంపుతోందని జనం అన్నారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. బర్నెట్, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయాన్ క్లూనీస్ రాస్ ముగ్గురూ ఆ మిక్సోమా వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకున్నారు. ఏమీ కాలేదు. ఆ సంగతి పార్లమెంటులో చెప్పారు. మెదడువాపుకు వేరే వైరస్ కారణమని, అది దోమల వల్ల వస్తుందని తేలింది.

ఇది చదివినప్పుడు నాకు బర్నెట్ మీద మొహబ్బతే కలిగింది. జనం భయాన్ని జాహిల్ మాటలని కొట్టిపారేయకుండా, సొంత చేతిని ముందుకు చాపినవాడు.

ఇక అమ్మీ అడిగిన సవాల్ దగ్గరికి వద్దాం.

1945లో అమెరికాలో రే ఓవెన్ అనే సైంటిస్టు ఆవుల కవల దూడల్ని పరీక్షించాడు. తల్లి కడుపులో కవలల రక్తనాళాలు కలిసిపోతాయి. పుట్టాక కూడా ఒక దూడ ఒంట్లో రెండో దూడ రక్తకణాలు బతుకుతూనే ఉన్నాయి. నిజానికి అవి పరాయివి. పెద్దయ్యాక ఎక్కిస్తే ఒళ్లు తరిమేసేవే. కానీ కడుపులో ఉన్నప్పుడే వచ్చాయి కాబట్టి అప్నాగా ఉండిపోయాయి.

చాలామంది దీన్ని ఒక వింతగా చదివి వదిలేశారు. బర్నెట్ వదల్లేదు. 1949లో ఫెన్నర్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఒక మాట చెప్పాడు. 'నేను' అనేది పుట్టుకతో రాసిపెట్టి ఉండదు, ఒళ్లు దాన్ని నేర్చుకుంటుంది. పుట్టకముందు ఒక దశ ఉంది. ఆ దశలో ఏది ఎదురైతే దాన్ని ఒళ్లు తనదిగా లెక్కేసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిందే పరాయిది.

చెప్పాక రుజువు చేద్దామని చూశాడు. తనకు బాగా తెలిసిన గుడ్డునే తీసుకున్నాడు. పొదిగే గుడ్డులోకి ఫ్లూ వైరస్ ఎక్కించి, కోడిపిల్లలు పెద్దయ్యాక ఆ వైరస్‌ను అప్నా అనుకుంటాయేమో చూశాడు. అనుకోలేదు. తజ్రిబా ఫెయిలయింది. ఫెయిలయిందనే అచ్చువేశాడు.

రుజువు చేసింది లండన్‌లో పీటర్ మెదావర్. ఆయన బ్రెజిల్‌లో పుట్టాడు, తండ్రి లెబనాన్ వాడు. 1953లో మెదావర్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ ముగ్గురూ తల్లి కడుపులోని ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించారు. ఆ పిల్లలు పెద్దయ్యాక అదే జాతి ఎలుక చర్మం అతికిస్తే, తమ చర్మంలాగే ఉంచుకున్నాయి. అవయవ మార్పిడి ఆలోచనకు అక్కడే పునాది పడింది. 1960లో బర్నెట్‌కు, మెదావర్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు.

కానీ నోబెల్ వచ్చిన పని కంటే తన ఇంకో పనే పెద్దదని బర్నెట్ అనుకునేవాడు. నాకూ అదే సరి అనిపిస్తుంది. అది 1957 నాటి నజరియా, క్లోనల్ సెలక్షన్.

మా ఊరి భాషలో చెప్పాలంటే ఇలా. అంతకుముందు పెద్దపెద్ద సైంటిస్టులు, లైనస్ పౌలింగ్ లాంటివాళ్లు కూడా, మన ఒళ్లు దర్జీ లాంటిదనుకున్నారు. క్రిమి వస్తుంది, దర్జీ కొలతలు తీసుకుంటాడు, దానికి సరిపోయే యాంటీబాడీ కుడతాడు. బర్నెట్ ఏమన్నాడంటే, కాదు, ఇది రెడీమేడ్ దుకాణం. ఎవరూ రాకముందే లెక్కలేనన్ని సైజులు కుట్టి తగిలించి ఉన్నాయి. ఒక్కో కణం ఒక్కో సైజే కుడుతుంది. క్రిమి వచ్చినప్పుడు ఏ సైజు దానికి సరిపోతే, ఆ కణం ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా ఫౌజు తయారవుతుంది. మరి మన ఇంటివాళ్లకే సరిపోయే సైజులు? వాటిని తొలిదశలోనే చింపి పారేస్తారు. రెండోసారి జవాబు ఎందుకంత వేగంగా వస్తుందో కూడా దీంతో అర్థమవుతుంది. ఆ సైజు కుట్టే కణాలు అప్పటికే పెరిగి ఉన్నాయి కాబట్టి. బండబర్గ్ నాటి ప్రశ్నకు అలా జవాబు దొరికింది.

పురుగుల సంగతి గుర్తుంచుకోమన్నాను కదా. ముందు రకరకాలుగా పుట్టడం, వాటిలో సరిపోయినవి నిలిచి పెరగడం డార్విన్ చెప్పిన మాటే. పురుగులకు, పిట్టలకు చెప్పినదాన్ని బర్నెట్ మన రక్తంలోని కణాలకు చెప్పాడు. డెన్మార్క్‌కు చెందిన నీల్స్ యెర్నే రెండేళ్ల ముందు దగ్గరి మాటే చెప్పాడు కానీ, ఆయన కణాల దాకా రాలేదు. అమెరికాలో డేవిడ్ టాల్మేజ్ అదే ఏడాది, తనంతట తాను, ఇంచుమించు ఇదే చెప్పాడు. బర్నెట్ తన వ్యాసాన్ని పెద్ద పత్రికకు పంపకుండా, ఆస్ట్రేలియా బయట పెద్దగా ఎవరూ చదవని 'ఆస్ట్రేలియన్ జర్నల్ ఆఫ్ సైన్స్'లో వేయించాడు. రెండు మూడు పేజీలే. నిజమైతే ముందు చెప్పింది తనే అవుతాడు, తప్పైతే ఎక్కువమంది చూడరు. హోషియార్ మనిషే!

మరుసటి ఏడాది ఆయన షాగిర్ద్ గుస్తావ్ నోసాల్, అమెరికా నుంచి వచ్చిన జాషువా లెడర్‌బర్గ్ ఒక్కో కణాన్ని విడదీసి పరీక్షించారు. ఎలుకకు రెండు రకాల క్రిములు ఇచ్చినా, ఒక్కో కణం ఒక్క రకం యాంటీబాడీనే చేసింది. ఉస్తాద్ మాట నిలబడింది.

ఇక్కడ ఉస్తాద్ ఇంకో పని చేశాడు. వైరస్ పరిశోధనలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న తన సంస్థను పూర్తిగా ఇమ్యునాలజీ వైపు తిప్పేశాడు. ఎవర్నీ అడగలేదు. వైరస్‌ల మీద ఏళ్లతరబడి మెహనత్ చేసినవాళ్లు చాలామంది నొచ్చుకుని కాన్‌బెర్రాకు వెళ్లిపోయారు. చరిత్ర చూస్తే ఆయన నిర్ణయం సరైనదే. కానీ ఆ రోజు గది ఖాళీ చేసినవాళ్లను అడిగితే వేరే తారీఖ్ చెప్తారు.

చివరి ఏళ్లలో ఆయన పట్టుకున్నది సరిగ్గా అమ్మీ జబ్బు లాంటివే. చింపి పారేయాల్సిన సైజు ఒకటి తప్పించుకుని దుకాణంలో ఉండిపోతే? అది సొంత ఇంటి మీదే పడుతుంది. న్యూజిలాండ్‌లో పెంచిన ఒక ఎలుకజాతిలో ఇలాంటి జబ్బు దానంతటదే వస్తుంది. దాని మీద ఆయన తజ్రిబాలు చేశాడు. ఇయాన్ మెకే అనే డాక్టరుతో కలిసి 1963లో ఆటోఇమ్యూన్ జబ్బుల మీద పుస్తకం రాశాడు. ఇలాంటి జబ్బులకు ఒళ్లు తనను తాను గుర్తుపట్టకపోవడమే మూలమని డాక్టర్లు నమ్మడానికి ఆ పుస్తకం చాలా దోహదం చేసింది. అమ్మీతో డాక్టరు అన్న వాక్యం వెనక ఈ మనిషి ఉన్నాడు.

1965లో రిటైరయ్యాడు. రాస్తూనే ఉన్నాడు. కొన్ని రాయకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది. సైన్స్ వైద్యానికి చేయగలిగింది దాదాపు అయిపోయిందన్నాడు. జీన్ల మీద పని వల్ల రోగులకు ఒరిగేదేమీ లేదన్నాడు. పూర్తిగా గలత్. మనుషుల్లో మేలురకం, తక్కువరకం అనే యూజెనిక్స్ వాసన కూడా చివరి పుస్తకాల్లో కొట్టింది. ఇంట్లో దాచిపెట్టిన అక్కతో పెరిగినవాడు ఆ దారి పట్టడం నాకు బాధగా ఉంది. 1985 ఆగస్టు 31న పోయాడు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

పుస్తకం మూసేయాలనిపించిందన్నానే, అది ఇప్పుడు చెప్తాను.

ఆయన పోయి పదిహేనేళ్లు దాటాక, ఆస్ట్రేలియా జాతీయ ఆర్కైవ్స్ నుంచి కొన్ని రహస్య దస్తావేజులు బయటికొచ్చాయి. 1947లో రక్షణ శాఖ బర్నెట్‌ను పిలిచింది. క్రిమి ఆయుధాల మీద సలహా అడిగింది. ఆయన ఇచ్చాడు. కమిటీలో కూర్చున్నాడు. 1950లో ఇంగ్లండ్ వెళ్లి, యుద్ధకాలంలో వాళ్లు ఇలాంటి పనులు ఎలా చేశారో చూసొచ్చాడు. జనం కిక్కిరిసిన ఆసియా దేశాలు దండెత్తి వస్తే ఎదురుదెబ్బ ఎలా కొట్టాలన్నది ఆ నివేదికల విషయం. వాళ్ల ఉష్ణదేశపు తిండిపంటల్ని నాశనం చేయాలి. వేడి దేశాల్లో పాకేవీ, ఆస్ట్రేలియాలో మాత్రం పాకనివీ అయిన వబాలను అక్కడ వదలాలి. సారం ఇదీ. పక్కనున్న పెద్ద ఆసియా దేశం ఏది? ఇండోనేషియా.

నేను తేదీలు సరిచూసుకున్నాను. 1945 ఆగస్టు 17న ఇండోనేషియా ఆజాదీ ప్రకటించుకుంది. 1947లో డచ్ ఫౌజులు దాని మీద పడ్డాయి. వాళ్లు ఎవరి మీదికీ దండెత్తే స్థితిలో లేరు, వాళ్ల మీదికే దండెత్తి వచ్చారు. అప్పుడు ఆ గొడవను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టిన దేశాల్లో మన ఇండియాతో పాటు ఆస్ట్రేలియా కూడా ఉంది! ఆస్ట్రేలియా రేవుల్లో కూలీలు డచ్ ఓడల్లో సరుకు ఎక్కించమని మొండికేశారు. మన దేశపు ఓడ పనివాళ్లు వాళ్లతో నిలబడ్డారు. అంటే ఆ దేశంలోనే ఇండోనేషియావాళ్లను అప్నా అనుకున్న కూలీలున్నారు. అదే దేశంలో వాళ్ల పొలాల్ని మాడ్చే దారి కాగితం మీద రాసిన సైంటిస్టున్నాడు. తిండిపంట అంటే అక్కడ వరి. అంతకు నాలుగేళ్ల ముందే, 1943లో, బెంగాల్‌లో బియ్యం అందక లక్షల మంది చనిపోయారు.

ఆ సలహా కాగితం దాటలేదు. ఆస్ట్రేలియా అలాంటి ఆయుధం తయారుచేయలేదు. ఎవరూ చావలేదు. ఆ రోజులు వేరని అనేవాళ్లున్నారు. జపాన్ యుద్ధం భయం ఇంకా ఆరలేదు, తెల్లవాళ్లు తప్ప మరెవరూ వలస రాకూడదన్న పాలసీ ఆ దేశంలో 1901 నుంచి నడుస్తోంది, చదువుకున్నవాళ్లు కూడా ఆసియా జనాన్ని వరదలాగే చూసేవారు. ఇవన్నీ నిజమే. కానీ అదే రోజుల్లో రేవు కూలీలకు వేరేలా తోచింది కదా? ఈ మనిషికి ఇన్‌ఫెక్షన్ అంటే ఏమిటో ప్రపంచంలో అందరికంటే బాగా తెలుసు. బండబర్గ్‌లో 12 మంది పిల్లలు ఎలా పోయారో తెలుసు. తెలిసీ రాశాడు. దాన్ని నేను రోజుల మీదికి నెట్టలేను.

ఇంకొకటి కూడా దాచను. 'ఎవరు అప్నా, ఎవరు పరాయా' అనే మాట సైన్స్ పుస్తకంలో చదివినా నాలాంటివాడికి గుండెలో ఎక్కడో తగులుతుంది. ఆ మాటతో ఈ దేశంలో మమ్మల్ని కొలిచేవాళ్లు రోజూ కనిపిస్తారు కాబట్టి. అలాంటివాళ్లు బర్నెట్ మాటను తమ వాదానికి వాడుకోవచ్చు కూడా. దేశానికీ ఒళ్లుంటుంది, పరాయి కణాలుంటాయి అని. కానీ ఆయన కనిపెట్టింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కవల దూడలో రెండో దూడ రక్తం పరాయిదే. కలిసి పెరిగింది కాబట్టి అప్నా అయింది. ఆ సంగతి అందరికంటే ముందు గ్రహించినవాడు, ఫైలు ముందు కూర్చున్నప్పుడు ఎందుకు మర్చిపోయాడో నాకు అర్థం కాలేదు.

ఇవన్నీ ఒక ఆదివారం అమ్మీకి చెప్పాను. ఆదివారమే ఎందుకంటే వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర ఆ రోజే ఇస్తాం. దర్జీ, రెడీమేడ్ దుకాణం ఆమెకు వెంటనే అర్థమైంది. "చింపాల్సింది ఒకటి మిగిలిపోయిందన్నమాట నా ఒంట్లో" అంది. కుందేళ్ల కథకు నవ్వింది. ఇండోనేషియా దగ్గరికి వచ్చేసరికి చేతిలో తస్బీ ఆగింది.

"ఇండోనేషియా అంటే, హజ్‌లో అందరూ ఒకే రంగు బట్టలు వేసుకుని, ఒకరి వెనక ఒకరు వరసగా నడిచేవాళ్లేగా?"

"అవునమ్మీ, వాళ్లే. హజ్‌కు అందరికంటే ఎక్కువమంది వచ్చేది వాళ్లే."

"మినాలో నా మోకాళ్లు పట్టేస్తే వాళ్లలో ఒకావిడ కూర్చుని నూనె రాసింది. చిన్న సీసా. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. లేచేటప్పుడు ఆ సీసా నా చేతిలోనే పెట్టి వెళ్లింది."

ఆ సీసా ఎక్కడుందని అడిగాను. అలమారాలో, ఎహ్రాం బట్టల కింద ఉందట. చెల్లెల్ని పిలిచి తీయించింది. అడుగున రెండు చుక్కలు ఉన్నాయి, ఇంకా లవంగం వాసన వస్తోంది.